గోళం కుర్చీ: ఆ ‘రేపటి రూపం’ రాకెట్ల నుంచి వచ్చిందా, రసాయనాల నుంచి వచ్చిందా?

సంక్షిప్తంగా: 1950, 60లలో పుట్టిన గుండ్రటి కుర్చీలు మళ్లీ ఇళ్లలో, ఆఫీసుల లాబీల్లో, ఫోటోషూట్‌లలో కనిపిస్తున్నాయి. వీటిని అంతరిక్ష యుగపు ఫ్యాషన్‌గా పరిచయం చేయడం మామూలైపోయింది. తేదీలను వరసగా పెట్టి చూస్తే మాత్రం ఈ రూపానికి అసలు కారణం ఫైబర్‌గ్లాస్, ఫోమ్, చవక చమురు అని తేలుతుంది. 1973లో చమురు ధర పెరగగానే ఈ ఫర్నిచర్ వెనకబడడానికీ, ఈనాటి నకళ్లలో చాలావాటికి పైకి కనిపించే అందం తప్ప సౌఖ్యం లేకపోవడానికీ కారణం అక్కడే దొరుకుతుంది.

ఒకే పేరుతో మూడు వస్తువులు

ఆన్‌లైన్‌లో ‘ఎగ్ చైర్’ అని వెతికితే మన దేశంలో ముందుగా కనిపించేది ఇనుప స్టాండుకు వేలాడే అల్లిక ఊయల కుర్చీ. కాస్త కిందికి వెళ్తే తోలు తొడిగిన, పొడవాటి వీపున్న కుర్చీ ఒకటి వస్తుంది. ఆ తర్వాత ముందు భాగం కోసేసిన పెద్ద బంతి లాంటిది. అమ్మకందారులు మూడింటికీ ఒకే పేరు, ఒకే ‘రెట్రో ఫ్యూచరిస్టిక్’ (పాతకాలం ఊహించిన రేపటి రూపం) ముద్ర వేస్తుండడంతో కొనేవారు తికమక పడుతున్నారు.

వేలాడే అల్లిక గుడ్డుకు మూలం 1950ల చివర్లో డెన్మార్క్ డిజైనర్ నానా డిట్జెల్, ఆమె భర్త యోర్గెన్ కలిసి చేసిన కుర్చీ. తోలు తొడిగినది ఆర్నె యాకబ్‌సన్ 1958లో కోపెన్‌హేగన్‌లోని ఎస్‌ఏఎస్ రాయల్ హోటల్ కోసం గీసిన అసలు ‘ఎగ్’. ఆ హోటల్‌లో 606వ నంబరు గదిని ఇప్పటికీ ఆనాటి రూపంలోనే ఉంచారు. మూడోది, అంటే బంతి, ఫిన్లాండ్‌కు చెందిన ఈరో ఆర్నియో 1963లో చేసిన ‘బాల్ చైర్’. రెట్రో ఫ్యూచరిస్టిక్ అన్న మాట అందరికన్నా ఎక్కువగా అతికేది దీనికే కాబట్టి ఈ వ్యాసం ప్రధానంగా దాని చుట్టూ తిరుగుతుంది.

గోడ మీద గీసిన తల కొలత

ఆర్నియో 1932లో హెల్సింకీలో పుట్టారు. 1962లో సొంతంగా డిజైన్ కార్యాలయం పెట్టుకున్నారు. మరుసటి ఏడు తన ఇంటికి ఒక పెద్ద కుర్చీ కావాలనుకున్నారు. కుర్చీని వీలైనంత సరళంగా గీస్తూ గీస్తూ వెళ్తే చివరికి మిగిలింది గోళం. దాని పరిమాణాన్ని నిర్ణయించిన తీరు చాలా సాదాసీదాగా ఉంటుంది. కుర్చీలో కూర్చున్న భంగిమలో ఆయన గోడ పక్కన తల కదుపుతుంటే, ఆ తల ఎక్కడిదాకా వెళ్తోందో భార్య గోడ మీద గీశారు. ఆ గీతే గోళం ఎత్తును తేల్చింది. బంతి తలుపులోంచి పట్టాలన్న షరతును కూడా లెక్కలో వేసుకున్నారు.

మొదటి నమూనాకు అచ్చును ఆయనే ప్లైవుడ్‌తో కట్టుకున్నారు. గ్లైడర్ విమానాల ఒళ్లు తయారుచేసే పద్ధతి అది. ప్లైవుడ్ చట్రం మీద తడి కాగితం పరిచి, దానిపై ఫైబర్‌గ్లాస్ పొరలు అంటించి, బయటి వైపు నునుపుగా రుద్ది, లోపలి చట్రాన్ని తీసేశారు. ఆపైన లోపల మెత్త, కింద పీఠం. తన బంతిలో ఒక ఎర్ర టెలిఫోన్ కూడా పెట్టించుకున్నారు.

ఫిన్లాండ్ ఫర్నిచర్ కంపెనీ అస్కో దీన్ని 1966 కొలోన్ ఫర్నిచర్ మేళాలో ప్రదర్శనకు పెట్టింది. అక్కడి నుంచి పత్రికల ముఖచిత్రాలకూ టీవీ సెట్లకూ చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. గోళం వెడల్పు సుమారు 105 సెంటీమీటర్లు, పీఠంతో కలిపి ఎత్తు 120 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. బొమ్మల్లో కనిపించే దానికన్నా ఎదురుగా చూసినప్పుడు ఇది చాలా పెద్ద వస్తువు.

తేదీలు ఏం చెబుతున్నాయి

ఈ కుర్చీలపై వచ్చే పరిచయాల్లో చాలావరకు తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌తో మొదలవుతాయి. స్పుత్నిక్ ఎగిరింది 1957 అక్టోబరు 4న. గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లింది 1961 ఏప్రిల్ 12న. ఆర్నియో గోళం ఆ తర్వాతిదే కాబట్టి కథ అతికినట్టే ఉంటుంది. అయితే ఈ రూపకుటుంబం అంతకు ముందే పుట్టింది. అమెరికా డిజైనర్ ఈరో సారినెన్ ఒంటి కాలు ‘టులిప్’ కుర్చీ 1950ల మధ్యలోది. అక్కడి డిజైనర్లే అయిన చార్లెస్, రే ఈమ్స్ దంపతులు ఫైబర్‌గ్లాస్ కుర్చీ గిన్నెలను 1950 నాటికే ఫ్యాక్టరీలో చేయించారు. రసాయనాల కంపెనీ మాన్సాంటో దాదాపు పూర్తిగా ప్లాస్టిక్‌తో కట్టించిన ‘భవిష్యత్తు ఇల్లు’ కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో తెరుచుకున్నది 1957 జూన్‌లో, అంటే స్పుత్నిక్‌కు నాలుగు నెలల ముందు.

రాకెట్ల కన్నా ముందే ఈ వంపులు ఉన్నాయంటే కారణాన్ని మరోచోట వెతకాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గాజుపోగులకు పాలియెస్టర్ రెజిన్ అనే గట్టిపడే జిగురు పట్టించి (ఇదే ఫైబర్‌గ్లాస్) విమానాల రాడార్ గుమ్మటాలు, పడవలు చేసే పద్ధతి బాగా పెరిగింది. యుద్ధం ముగిశాక ఆ పరిశ్రమకు కొత్త కొనుగోలుదారులు కావాలి. చెక్క ఒక దిశలోనే సులువుగా వంగుతుంది. రెండు దిశల్లో ఒకేసారి వంచబోతే చీలుతుంది. గాజుపోగు, రెజిన్‌లకు ఆ పరిమితి లేదు. అచ్చు ఎలా ఉంటే అవి అలా గట్టిపడతాయి. అదే కాలంలో పాలియురెథేన్ ఫోమ్ వచ్చి స్ప్రింగులు, కొబ్బరి పీచు, గుర్రపు వెంట్రుకలు కూరే పాత పద్ధతిని పక్కకు నెట్టింది. మూలలు, అతుకులు, నాలుగు కాళ్లు లేని కుర్చీ మొదటిసారి సాధ్యమైంది.

రసాయన పరిశ్రమ పాత్రకు అన్నిటికన్నా స్పష్టమైన సాక్ష్యం జర్మనీలోనే ఉంది. బేయర్ కంపెనీ కొలోన్ ఫర్నిచర్ మేళా సమయంలో రైన్ నదిపై ఒక విహార నౌకను అద్దెకు తీసుకుని ‘విజియోనా’ పేరుతో భవిష్యత్తు గృహాలను చూపించేది. 1969లో ఇటలీకి చెందిన జో కొలంబో, 1970లో డెన్మార్క్‌కు చెందిన వెర్నర్ పాంటన్, ఆ తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన ఒలివియే ముర్గ్ ఆ నౌకను అలంకరించారు. నేల, గోడ, పైకప్పు కలిసిపోయి రంగు రంగుల ఫోమ్ గుహలా కనిపించే పాంటన్ గది ఈనాటికీ ఆ యుగపు గుర్తుగా ముద్రణ అవుతుంటుంది. అది నిజానికి ఒక కంపెనీ తన సింథటిక్ దారాలు, ఫోమ్‌లు అమ్ముకోవడానికి ఖర్చు పెట్టిన ప్రదర్శన.

అంతరిక్షం పాత్ర సున్నా అనడం కూడా సరికాదు. ఆ రూపాన్ని అది పుట్టించలేదు గాని దానికి అర్థం ఇచ్చింది. ముర్గ్ 1965లో ‘జిన్’ కుర్చీలను ఇనుప గొట్టాల చట్రం, ఫోమ్, సాగే నైలాన్ బట్టతో చేశారు. వాటి తయారీలో అంతరిక్షానికి సంబంధించినదేదీ లేదు. మూడేళ్ల తర్వాత 1968 నాటి ఒక ప్రసిద్ధ హాలీవుడ్ సినిమాలో అవే కుర్చీలు అంతరిక్ష కేంద్రపు తెల్లటి లాంజ్‌లో ఎర్రగా మెరిశాయి. అప్పటి నుంచి ప్రేక్షకుల కళ్లకు ఆ వంపు అంటే అంతరిక్షం. దుకాణంలో ఉన్న వస్తువును సినిమా రేపటి వస్తువుగా మార్చింది. ఇప్పుడు జరుగుతున్నది దానికి తలకిందులు: ఆనాటి రేపును నేటి దుకాణాలు జ్ఞాపకంగా అమ్ముతున్నాయి.

పలుచటి చిప్ప అంత బరువు ఎలా మోస్తుంది

కొద్ది మిల్లీమీటర్ల మందమున్న చిప్ప మనిషి బరువును మోయడానికి కారణం దాని రెండు వైపుల వంపు. సమతలంగా ఉన్న రేకును నొక్కితే వంగిపోతుంది. కుండ గోడ పలుచగా ఉన్నా నిలవడానికి వంపే కారణం; భారం ఒకచోట ఆగకుండా చుట్టూ పాకుతుంది. గోళంలోనూ అంతే. పీఠం అతికే చోట మాత్రం భారమంతా ఒక చిన్న వలయంలోకి దిగుతుంది. అక్కడ అదనపు పొరలు, లోపల లోహపు పలక ఉండాలి. నాసిరకం నకళ్లలో పగుళ్లు ముందుగా కనిపించేది ఈ వలయం చుట్టూనే.

తయారీ పద్ధతి తెలుగు తీరానికి కొత్త కాదు. కాకినాడ నుంచి నిజాంపట్నం దాకా మత్స్యకారులు వాడే ఫైబర్ పడవలు ఇదే దారిలో తయారవుతాయి. అచ్చుకు మైనం పూసి, రంగు కలిపిన జెల్‌కోట్ (నునుపైన పైపూత) వేసి, అది కొంచెం ఆరాక గాజుపోగుల చాపను పరిచి, హార్డ్‌నర్ కలిపిన రెజిన్‌ను బ్రష్‌తో పట్టించి, గాలి బుడగలు పోయేలా రోలర్‌తో నొక్కుతారు. మళ్లీ పొర, మళ్లీ రోలర్. ఇటలీలో జో కొలంబో 1963లో చేసిన ‘ఎల్డా’ కుర్చీకి కూడా పడవల పరిశ్రమ అనుభవమే ఆధారం.

పడవకూ గోళానికీ తేడా అచ్చు దగ్గర వస్తుంది. పడవ పై భాగం వెడల్పుగా తెరుచుకుని ఉంటుంది కాబట్టి గట్టిపడ్డాక అచ్చులోంచి పైకి లేపేయవచ్చు. కుర్చీ గోళం సగానికన్నా ఎక్కువ ఉంటుంది. దాని నోరు నడుము కన్నా ఇరుకు. ఒకే అచ్చులో పోస్తే బయటికి రాదు. అచ్చును భాగాలుగా విడదీసేలా కట్టాలి, ఆ భాగాలు కలిసిన చోట పడే గీతను చేత్తో సానబట్టి మాయం చేయాలి. ధరలో పెద్ద వాటా ఈ చేతిపనిదే. ప్లాస్టిక్ స్టూల్‌ను యంత్రం నిమిషాల్లో పోస్తుంది. గోళానికి మాత్రం మనిషి చేయి, ఆరడానికి సమయం, విస్తారమైన స్థలం కావాలి. పైగా ఇది ఒకదానిలో ఒకటి ఇమిడే వస్తువు కాదు. లారీలో ఎక్కువ భాగం ఖాళీ గాలినే మోసుకెళ్లాలి.

ఆర్నియో 1968లో చేసిన ‘బబుల్’ కుర్చీ ఈ చిక్కుకు మరో జవాబు. గోళం లోపలికి వెలుతురు రావాలనుకున్నారు. యాక్రిలిక్ పలకను చుట్టూ బిగించి, మెత్తబడేదాకా వేడిచేసి, గాలి ఊదితే అది బుడగలా ఉబ్బుతుంది. ఉపరితలం ఏ అచ్చునూ తాకదు కాబట్టి గీతలు పడవు, గాజులా స్వచ్ఛంగా ఉంటుంది. అంచుకు ఉక్కు వలయం. పారదర్శకమైన బుడగకు తగిన పారదర్శకమైన కాలు కుదరకపోవడంతో దాన్ని పైకప్పుకు వేలాడదీశారు.

లోపల శబ్దం ఎందుకు తగ్గుతుంది

గోళంలో కూర్చున్నవారు అందరికన్నా ముందు చెప్పేది చుట్టూ గోల తగ్గిందని. ఇది భ్రమ కాదు, అలాగని పూర్తి నిశ్శబ్దమూ కాదు. శబ్దతరంగం తన పొడవు కన్నా పెద్ద అడ్డంకిని ఎదుర్కొన్నప్పుడు దాని వెనక నీడ పడుతుంది. 1000 హెర్ట్‌జ్ శబ్దపు తరంగం పొడవు సుమారు 34 సెంటీమీటర్లు. మీటరుకు పైగా ఉన్న చిప్ప దానికి గోడలా నిలుస్తుంది. 100 హెర్ట్‌జ్ శబ్దపు తరంగం పొడవు 3.4 మీటర్లు. అది చిప్పను చుట్టుకుని లోపలికి వచ్చేస్తుంది. వంటింట్లోంచి పక్కగా వచ్చే కుక్కర్ విజిల్, మాటలు బాగా తగ్గుతాయి. రోడ్డు మీద లారీ గుడగుడ, కింద బోరు మోటారు హోరు అంతగా తగ్గవు.

సగం పని లోపలి మెత్తది. వంపు తిరిగిన గట్టి ఉపరితలం శబ్దాన్ని ఒక బిందువు దగ్గరికి పోగుచేస్తుంది. గోళంలో ఆ బిందువు ఇంచుమించు తల ఉండే చోటుకు దగ్గరే. మందపాటి ఫోమ్, బట్ట ఆ శబ్దాన్ని పీల్చుకుంటేనే లోపల ప్రశాంతంగా ఉంటుంది. ఫోమ్ పలుచగా వేసి రెక్సిన్ అంటించిన నకలులో కూర్చుంటే సొంత గొంతే చెవుల్లో మోగుతుంది. మెత్త లేని యాక్రిలిక్ బుడగ స్వభావమూ ఇదే. దాని ఆకర్షణ వెలుతురులో ఉంది గాని నిశ్శబ్దంలో లేదు.

1973 తర్వాత ఏమైంది

1973 అక్టోబరులో అరబ్ దేశాల చమురు ఆంక్షలు మొదలయ్యాయి. పీపా చమురు ధర సుమారు 3 డాలర్ల నుంచి 1974 ఆరంభానికి 12 డాలర్ల దగ్గరికి చేరింది. రెజిన్, ఫోమ్, యాక్రిలిక్, నైలాన్ అన్నీ చమురు నుంచి వచ్చేవే. చవకగా దొరికిన ముడిసరుకు ఖరీదైంది. దానితోపాటు ప్లాస్టిక్‌పై జనం అభిప్రాయమూ మారింది. కాలుష్యం, చెత్త గురించిన చర్చ అప్పుడే ఊపందుకుంది. పాశ్చాత్య గృహాలు మళ్లీ పైన్ చెక్క, ఊలు, గోధుమ రంగుల వైపు మొగ్గాయి. ధర ఒక్కటే మారి ఉంటే ఈ కుర్చీలు ధనికుల వస్తువుగా కొనసాగేవి. నమ్మకం కూడా సడలింది కాబట్టే రెండు దశాబ్దాల పాటు తెర వెనక్కి వెళ్లాయి.

ఇటలీలో గయెతానో పేషే 1969లో చేసిన ‘అప్’ శ్రేణి కథ దీనికి దగ్గరి ఉదాహరణ. ఫోమ్‌లోని గాలి పీల్చేసి, పలుచటి పలకలా నొక్కి డబ్బాలో అమ్మేవారు. ఇంటికి తెచ్చి తెరిస్తే కుర్చీ దానంతటదే ఉబ్బి లేచేది. ఖాళీ గాలిని మోసుకెళ్లే రవాణా సమస్యకు అంత తెలివైన పరిష్కారం మరొకటి రాలేదు. ఆ ఫోమ్‌కు ఫ్రియాన్ వాయువు అవసరం. 1973లోనే తయారీ ఆగిపోయింది. 2000లో తిరిగి వచ్చినప్పుడు అచ్చులో పోసిన మామూలు ఫోమ్‌తో వచ్చింది. ఉబ్బి లేచే వింత లేదు. రూపం తిరిగి వచ్చింది గాని దాన్ని పుట్టించిన సాంకేతికత రాలేదు.

బాల్ చైర్ హక్కులు 1990ల ఆరంభంలో జర్మనీ కంపెనీ అడెల్టాకు చేరి తయారీ మళ్లీ మొదలైంది. 2016 నుంచి ఈరో ఆర్నియో ఒరిజినల్స్ అనే సంస్థ చేస్తోంది. ఇంకో దారి పాంటన్ కుర్చీది. 1967లో ఫైబర్‌గ్లాస్‌తో మొదలై, మరుసటి ఏడు బేయర్ వారి గట్టి ఫోమ్‌కు, తర్వాత మరో ప్లాస్టిక్‌కు, చివరికి 1999లో అచ్చులో నేరుగా పోసే పాలీప్రొపిలీన్‌కు మారింది. అందుకే ఆ కుర్చీ ధర గణనీయంగా దిగింది. గోళానికి ఆ అవకాశం చాలా తక్కువ. అంత పెద్దది, నోరు ఇరుకైనది యంత్రంతో పోయాలంటే అచ్చుకయ్యే ఖర్చు తిరిగి రావడానికి భారీ సంఖ్యలో అమ్మాలి.

నకలు చట్టబద్ధమేనా

అసలు గోళం ధర లక్షల్లో ఉంటే దాని రూపంలోనే ఉన్నది చాలా తక్కువకు దొరకడం కొనేవారిని అయోమయంలో పడేస్తోంది. దీనికి దేశానికో జవాబు ఉంది. బ్రిటన్‌లో ఫ్యాక్టరీలో ఉత్పత్తి చేసిన కళాకృతులకు ఒకప్పుడు 25 ఏళ్ల రక్షణే ఉండేది. 2016 జులై 28న ఆ నిబంధనను తొలగించడంతో డిజైనర్ జీవితకాలం, ఆపై 70 ఏళ్లు రక్షణ వర్తిస్తోంది. అక్కడి నకళ్ల దుకాణాలకు అది పెద్ద దెబ్బ. ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2024 అక్టోబరులో ఈమ్స్ కుర్చీ విషయంలో తీర్పు ఇస్తూ, సమాఖ్య బయటి దేశాల డిజైన్లకు కూడా సభ్య దేశాలు సొంతంగా రక్షణ తగ్గించలేవని చెప్పింది.

భారత్‌లో దారి వేరు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు. నమోదుకు అర్హత ఉండి చేయించని డిజైన్‌ను పారిశ్రామికంగా 50 సార్లకు మించి తయారుచేస్తే కాపీరైట్ చట్టం 15(2) సెక్షన్ ప్రకారం కాపీరైట్ కూడా ముగుస్తుంది. ఒక వస్తువు కళాకృతా, డిజైనా అన్నది ఎలా తేల్చాలో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో క్రయోగ్యాస్ కేసులో వివరించింది. వస్తువు ప్రధానంగా ఉపయోగం కోసమా, అందం కోసమా అన్న ప్రశ్నకు అందులో చోటుంది. అరవై ఏళ్ల నాటి కుర్చీ ఆకారానికి ఇక్కడ రక్షణ దొరకడం కష్టం కావడానికి ఇదే కారణం. పేరు, కంపెనీ ముద్ర సంగతి వేరు. అవి ట్రేడ్‌మార్క్ కిందికి వస్తాయి. ఆ రూపంలో కుర్చీ చేసి అమ్మడం ఒకటి, దాన్ని ‘ఒరిజినల్’ అని చెప్పి అమ్మడం మరొకటి.

తెలుగు ఇంట్లో గోళం

ఉత్తర ఐరోపా చలికి పుట్టిన వస్తువు ఇది. మూడు వైపులా ఫోమ్ గోడ ఉన్న చిప్ప ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. ఫిన్లాండ్‌లో అది సుఖం. మేలో విజయవాడలో కాదు. ఇంకో చిక్కు ఫ్యాన్. మన ఇళ్లలో గాలి పైనుంచి వస్తుంది, గోళానికి తల మీద కప్పు ఉంటుంది. ఫ్యాన్ కింద పెట్టినా లోపలివారికి గాలి తగలదు. ఏసీ గదిలో, గాలి ఎదురుగా వచ్చే చోట తప్ప దీన్ని ఎక్కువసేపు వాడడం కష్టం. తలుపుల కొలతా చూసుకోవాలి. మన పడకగది తలుపులు సాధారణంగా మూడడుగుల లోపే, అంటే 91 సెంటీమీటర్లకు మించవు. లిఫ్టు, మెట్ల మలుపు కూడా కొలిచాకే ఆర్డర్ పెట్టడం మంచిది. వేలాడే బుడగను ఫ్యాన్ హుక్‌కు తగిలించడం ప్రమాదం. ఊగే మనిషి బరువును దృష్టిలో పెట్టుకుని వేసిన హుక్ కాదది. శ్లాబులోకి విడిగా యాంకర్ వేయించాలి.

నకలు కొనేటప్పుడు నాణ్యతను ట్యూబ్‌లైట్ కిందే పట్టేయవచ్చు. చిప్ప మీద పడే వెలుగు గీత నునుపుగా వంగితే అచ్చు బాగుందని అర్థం. వణికినట్టు, మెలికలు తిరిగినట్టు కనిపిస్తే పొరలు సరిగా పడలేదన్నమాట. లోపల ఎంత డెన్సిటీ ఫోమ్ వేశారో అడగాలి. దుకాణాల్లో 32, 40 అని చెప్పేది ఘనపు మీటరుకు ఉండే కిలోల లెక్క. తక్కువ డెన్సిటీది త్వరగా కుంగుతుంది. ముందుకు వంగి లేచేటప్పుడు కుర్చీ తూలుతోందా అన్నది కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. ఒకే పీఠం కాబట్టి దాని వెడల్పు, బరువు తక్కువైతే ఇబ్బంది పెట్టేది అప్పుడే.

గట్టిపడిన పాలియెస్టర్ రెజిన్‌ను మళ్లీ కరిగించి పోయలేరు. పాడైన గోళం పాత ప్లాస్టిక్ కొట్టుకు కూడా పనికిరాదు. అయితే చిప్ప సులువుగా పాడవదు, ముందు పోయేది లోపలి ఫోమ్. తేమ, వెలుతురు తగిలి పాలియురెథేన్ పొడిపొడిగా రాలడం మ్యూజియంలకు కూడా పెద్ద తలనొప్పి. కోస్తా గాలిలో అది మరింత త్వరగా జరగవచ్చు. సోఫా పనివారు దీన్ని మళ్లీ వేయగలరు. లోపలి వంపుకు బట్టను ముడతలు లేకుండా తొడగాలంటే మాత్రం కొసలు సన్నబడే ముక్కలుగా కత్తిరించి కుట్టాలి, ఆ కొలతలు పాత తొడుగులోనే ఉంటాయి. దాన్ని చింపకుండా కుట్లు విప్పి, ముక్కలకు వరస నంబర్లు వేసి పనివారికి ఇస్తే కొత్త తొడుగు అచ్చంగా కుదురుతుంది.